చెవులు కోసిన దిమ్మ

ఈ కథలో నేను కళ్ళారా చూడనిది ఒక్క ముక్క కూడా లేదు. ముందే చెప్పేస్తున్నాను. తర్వాత "ఈ ముసలాయన కోతలు కోస్తున్నాడు" అంటే ఒప్పుకోను. క్రేను చక్రాన్ని ఆనుకుని నిలబడి, రెప్ప వెయ్యకుండా చూశాను. ఆ చక్రం గ్రీజు మరక నా తెల్లచొక్కా మీద ఇంకా ఉంది. మా ఆవిడ దాన్ని ఉతికి ఉతికి, చివరికి చొక్కాతో పోట్లాడ్డం మానేసి నాతో మొదలుపెట్టింది.

ఆ క్రేను నడిపేవాణ్ణి అందరూ కొక్కెం అనేవాళ్ళు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకేదో ఉండే ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు తప్ప దాంతో అతనికి పనిపడేది కాదు. సన్నగా, కాస్త ముందుకి వంగి, మెడకి తలని వేలాడదీసినట్టు నడిచేవాడు. కేబిన్‌లో కూర్చున్నాడంటే మాత్రం గుడ్లబుట్టని మూడో అంతస్తు మీద ఒక్క గుడ్డు చిట్లకుండా దించగలడని పేరు. ఒకసారి ఆకాశంలో పోతున్న మేఘాన్ని కొక్కేనికి తగిలించి ఎండిపోయిన పొలాల మీదికి లాక్కొచ్చాడని కూడా చెబుతారు. అది నేను నమ్మను. మేఘానికి కొక్కెం తగిలించే చోటెక్కడుంటుంది?

అతనికి తోడు ఈలన్న. క్రేను కింద నిలబడి, చేతులూపుతూ, ఎత్తమనీ దించమనీ ఆగమనీ ఈలతో చెప్పే పెద్దమనిషి. పళ్ళు సగం రాలిపోయినా ఈల మాత్రం పోలేదు.

ఒకరోజు పొద్దున పెన్షన్ ఆఫీసు ముందు ఆగి ఉన్న లారీ పేలింది. ముసలివాళ్ళు వరసల్లో నిలబడే రోజు చూసుకుని మరీ పేల్చారు. నాలుగంతస్తుల మేడ ముందుభాగం కిందికి జారి, దుకాణంలో పేర్చిన అట్టల్లా పలక మీద పలక పడింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తర్వాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. పోయినవాళ్ళ లెక్క పూటకో మాటగా మారింది. దగ్గర్లో వంతెన పని మీద ఉన్న కొక్కేన్ని ముందుగా పిలిపించారు.

శిథిలాల్లో పని మామూలు ఎత్తుడు దించుడు కాదు. పలక ఎత్తే ముందు ఈలన్న పొడుగ్గా ఒక ఈల వేసేవాడు. ఇంజన్లు ఆపేసేవాళ్ళు. పారలు ఆగేవి. ఏడ్చేవాళ్ళు కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. కింద ఎవరైనా పిలుస్తున్నారేమోనని అందరూ చెవులు రిక్కించి వినేవాళ్ళు. ఏమీ లేదనుకుంటేనే పలక లేచేది. మొదటిరోజు గొంతులు వినపడ్డాయి. మర్నాడు అక్కడక్కడ. ఆ తర్వాత ఏమీ లేదు. అయినా ఈలన్న ఈల వేస్తూనే ఉన్నాడు, అందరూ వింటూనే ఉన్నారు.

ఆ పని ముగిసి ఇంటికొచ్చాక కొక్కెం పడుకున్నాడే గానీ నిద్రపోలేదు. చెయ్యి మాత్రం నిద్రలోనే ఉన్నట్టు లివరు లాగుతూనే ఉంది.

"దుప్పటి ఎత్తుతున్నారు, దించుతున్నారు. నన్నేమన్నా సిమెంటు బస్తా అనుకుంటున్నారా?" అంది భార్య.

"ఊఁ" అన్నాడు. ఆ రోజుల్లో అతని మాటలన్నీ ఆ ఒక్క అక్షరంలోనే సర్దుకునేవి.

ఇక సర్కారువారి సంగతి. దెబ్బ తగిలిన మనిషికీ దెబ్బ తగిలిన సర్కారుకీ పెద్ద తేడా లేదు. ముందు కేకలు, తర్వాత ఎవడు కొట్టాడని చుట్టూ చూడటం, ఆ తర్వాత ఒళ్ళంతా తడుముకోవడం. పెద్దాయన హెలికాప్టర్‌లో వచ్చి, చుట్టూ తిరిగి, ఎవ్వరినీ ఉపేక్షించేది లేదని చెప్పి వెళ్ళాడు. ఒక కమిటీ వేశారు. ఆ కమిటీకి గది చూడటానికి ఇంకో కమిటీ వేశారు. వీధుల్లో చెత్తబుట్టలన్నీ తీసేశారు, బాంబులు పెడతారని. జనం అరటితొక్కలు జేబుల్లో పెట్టుకుని ఇళ్ళకి మోసుకుపోయారు. ఆఫీసుల్లోకి అన్నం డబ్బాలు తేకూడదన్నారు. గుమాస్తాలు గేటు బయట గోడ వారన నిలబడి తిన్నారు. పెద్దరోడ్డు పొడుగునా ఉన్న కొట్లూ, పాకలూ, చెప్పులు కుట్టేవాళ్ళ గొడుగులూ ఒక్క పూటలో ఊడ్చేశారు. రోడ్డు గుండు చేయించుకున్నట్టయింది. ఏ సందు ఏదో పుట్టి పెరిగినవాళ్ళకే ఆనవాలు దొరకలేదు.

ఆ తర్వాత దిమ్మలొచ్చాయి.

దిమ్మంటే అలాంటిలాంటి దిమ్మ కాదు. మంచమంత పొడుగు, ఛాతీ దాకా ఎత్తు, గట్టి సిమెంటు. రెండేనుగుల బరువుంటుందని ఈలన్న అనేవాడు. ఏనుగుల్ని నేనెప్పుడూ తూచలేదు గనక కాదనలేను. లారీలు దూసుకురాకుండా ప్రతి ప్రభుత్వ ఆఫీసు చుట్టూ, దాని పక్క సందుల్లోనూ వీటిని వెయ్యాలని హుకుం. ఎక్కడ వెయ్యాలో ముందురోజే రోడ్డు మీద రంగుతో ఇంటూ గుర్తు పెట్టి వెళ్ళేవాళ్ళు. కొక్కెం వచ్చి ఆ గుర్తు మీద దిమ్మ దించేవాడు. ఎత్తడానికి వీలుగా ప్రతి దిమ్మ నెత్తిన రెండు ఇనుప కడ్డీ రింగులుంటాయి. పనివాళ్ళు వాటిని చెవులంటారు. దిమ్మ కూర్చున్నాక ఆ చెవులు కోసెయ్యాలని పైనుంచి ఇంకో హుకుం. మళ్ళీ ఎవరూ ఎత్తకుండా.

"క్రేను తోలుకుంటూ వచ్చే దొంగని నేనింతవరకూ చూళ్ళేదు" అన్నాడు ఈలన్న.

"మనల్నే అనుకుంటున్నారేమో" అన్నాడు గ్యాస్ కట్టరు పట్టుకున్నతను. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. అతను కళ్ళద్దాలు దించుకుని, రెండు చెవులూ కోసి, ముందుకి నడిచాడు.

ఖజానా ఆఫీసు వైపు పని నడుస్తున్న రోజు. మిట్టమధ్యాహ్నం. క్రేను అద్దం మీద దుమ్ము, రోడ్డు మీద దుమ్ము, కొక్కెం రెప్పల మీద దుమ్ము. ఒక సందు మొదట్లో ఇంటూ గుర్తు కనిపించింది. ఈలన్న చెయ్యి దించాడు, కొక్కెం దిమ్మ దించాడు. కట్టరతను చెవులు కోశాడు. ఎర్రగా కాలిన ఇనుప మొదళ్ళు ఇంకా చల్లారలేదు, దిమ్మ అవతల నించి ఒక గొంతు వినపడింది.

"ఏమండీ అల్లుడుగారూ, మా సందుకి తలుపు పెట్టారా? గడియ ఎటువైపుందో చెప్తే నేర్చుకుంటాను."

కొక్కెం కేబిన్‌లోంచి తొంగిచూశాడు. దిమ్మ అంచు మీద గడ్డం ఆనించి చూస్తున్నది అతని అత్తగారు.

"అత్తయ్యా... ఇది మీ సందా?"

"కాదు, దొరగారి కోట. పిల్లని చూడ్డానికి ఈ సందులోంచే వచ్చారు. అప్పుడు కళ్ళు బాగానే కనపడ్డాయి, పిల్లలో వంక కూడా వెతికారు."

"మొదట్లో సైకిల్ షాపుండాలిగా?"

"ఉండాలి. మీ సర్కారోళ్ళు ఎత్తుకుపోయారు."

ఆవిడ సందు చివరి గదిలో ఒక్కతే ఉండేది. బట్టలు కుట్టి కూతుర్ని పెంచింది. కూతురింట్లో ఉండమంటే "అల్లుడి మొహం పొద్దున్నే చూస్తే మిషన్లో దారం తెగుతుంది" అనేది. ఇప్పుడు కుట్టడం లేదు. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్ళాలి. ఆటో సరిగ్గా గుమ్మం ముందు ఆగేది, వచ్చాక గుమ్మం ముందే దింపేది. మిషను మీంచి లేచి వచ్చిన పూట ఆవిడకి కాళ్ళు ఉన్నాయన్న సంగతే తెలిసేది కాదు.

ఇప్పుడు దిమ్మకి అటూ ఇటూ సన్నటి మనిషి పక్కకి తిరిగి దూరేంత సందుంది. ఆటో దూరదు, కుర్చీ కూడా దూరదు.

ఆ వారమే కూతురూ ఆటో అతనూ ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఇరుగుపొరుగుని పిలిచి, కుర్చీతో సహా దిమ్మ మీంచి అవతలికి అందించారు. వచ్చేటప్పుడు ఇవతలికి అందించారు.

"పెళ్ళిలో కూడా నన్నింత ఊరేగించలేదు" అంది ఆవిడ. కానీ ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది.

భార్య ఇంటికొచ్చి, చేతిసంచి గోడకి తగిలించి, కొక్కెం ఎదురుగా కూర్చుంది. అరుస్తుందనుకున్నాడు. అరవలేదు.

"వేసింది మీరే కదా. తియ్యండి" అంది.

"ఆర్డరు లేకుండా..."

"వేసేటప్పుడు చూసుకోలేదు గానీ, తీసేటప్పుడు ఆర్డరు గుర్తొచ్చిందా?"

మర్నాడు ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇంటి మొహం చూసి ఎన్నాళ్ళయిందో, బల్ల మీద ఫోన్‌కి అద్దం ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహానికి నురగ. ఫోన్ మోగినప్పుడల్లా అద్దం కదిలి ఆయన మొహం వణుకుతోంది.

"సార్, ఒక దిమ్మ తియ్యాలి."

"పెట్టమనే అధికారం నాకుంది. తియ్యమనే అధికారం ఎవరికుందో నాక్కూడా తెలీదు. నీకు తెలిస్తే చెప్పు, నేనూ ఒకటి తీయించుకోవాలి. మా ఆఫీసు కారు లోపలే ఉండిపోయింది."

"మా అత్తగారికి ఒంట్లో బాగోలేదు సార్."

"ఏ సందు?"

గోడ మీద పెద్ద పటం ఉంది, ఎర్రచుక్కలతో. కొక్కెం దగ్గరికెళ్ళి వేలు పెట్టి వెతికాడు. అత్తగారి సందు మొదట్లో చుక్క లేదు. పక్క సందులో ఉంది, ఖజానా గోడని ఆనుకునే సందులో.

"మన గుర్తు ఏ రంగు సార్?"

"ఎరుపు. పసుపు నీళ్ళవాళ్ళది, పైపు కారే చోట పెడతారు. ఎందుకు?"

కొక్కెం పటం మీంచి వేలు తీసేశాడు. తను దిమ్మ దించింది పసుపు గుర్తు మీద. ఆ రోజుల్లో అతనికి ఎరుపంటే ఏమిటో, పసుపంటే ఏమిటో, అన్నీ దుమ్ము రంగే. నీళ్ళవాళ్ళు బాగుచేద్దామని గుర్తు పెట్టుకున్న పైపు నెత్తిన రెండేనుగుల్ని కూర్చోబెట్టి వచ్చాడు. వెయ్యాల్సిన సందు మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది.

చెప్పాడు. ఇంజనీరు మిగతా సగం గడ్డం మరిచిపోయి, లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"ఇది నువ్వు నాకు చెప్పలేదు. నేను వినలేదు. ఇవాళే ఆ పక్క సందులో ఒకటి వేసెయ్. ఎక్కువైన దిమ్మ గురించి ఎవడూ అడగడు. తక్కువైనదాని గురించే అడుగుతారు."

"మరి మా అత్తగారి సందులోది?"

"దాన్ని తియ్యాలంటే ఎందుకు వేశావో చెప్పాలి. పొరపాటున వేశానంటావు. ఇప్పుడు పొరపాటు అనే మాట చెల్లదయ్యా. పెన్షన్ ఆఫీసు గేటు దగ్గర కునుకు తీసిన కాపలావాణ్ణి విచారించాలని తీసుకెళ్ళారు, గుర్తుందా? వాళ్ళావిడ రోజూ వచ్చి కమిటీ మెట్ల మీద కూర్చుంటోంది. నీకూ పెళ్ళాం ఉంది."

కొక్కెం నోరు కుట్టేసుకున్నాడు. పక్క సందులో దిమ్మ వేశాడు, చెవులు కోయించాడు. అత్తగారు కుర్చీలో వెళ్ళేటప్పుడు అటూ, వచ్చేటప్పుడు ఇటూ అందించబడుతూనే ఉంది. దిమ్మ కింద కారే నీరు రోజురోజుకీ ఎక్కువై ఆ చోటంతా జారుడుబండ అయింది. అతను పని మానుకుని వెళ్ళి ఒక కుర్చీ కాలు పట్టుకునేవాడు. తన చేత్తో వేసిన బరువు మీంచి తన చేత్తోనే ఆవిణ్ణి దాటిస్తున్నప్పుడు ఆవిడ మొహంలోకి చూసేవాడు కాదు.

"ఏమిటి అల్లుడుగారూ, ఇంత వినయం? నా మీద ఏమన్నా రాయించుకోవాలా?" అనేది.

ఒక సాయంత్రం జరగకూడనిది జరిగింది. ఆసుపత్రి నించి తిరిగొస్తూ కుర్చీ దిమ్మ మీద ఒక్క క్షణం ఆగింది. బురదలో ఎవరిదో కాలు జారింది. కుర్చీ ఒరిగింది. ఆవిడ పట్టు కోసం చెయ్యి చాపింది. డయాలసిస్ చేసే చెయ్యి. కోసేసిన చెవి మొదలు కత్తిలా పైకి లేచి ఉంది. కట్టు చిరిగి, రక్తం సిమెంటు మీద జర్రున పాకింది.

కూతురు కెవ్వుమంది. కొక్కెం రెండు చేతులతో ఆ చేతిని అదిమి పట్టుకున్నాడు.

"కంగారు పడకండి, ఇప్పుడే శుభ్రం చేయించుకొచ్చిన రక్తం" అంది ఆవిడ. పెదాలు తెల్లబడిపోయాయి.

ఆసుపత్రిలో డాక్టరు రక్తం ఆపి, కుట్లు వేసి, వరండాలోకి వచ్చి చెప్పాడు. "ఈసారికి గట్టెక్కింది. ఈ చెయ్యి పాడైతే మాకు సూది పెట్టడానికి ఇంకో చోటు లేదు. ఆ కుర్చీ మోతలూ అవీ మానెయ్యండి."

కొక్కెం చొక్కా మార్చుకోకుండానే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. "ఎక్కడికి?" అంది భార్య. చెప్తే వెళ్ళనివ్వదని చెప్పలేదు.

విచారణ కమిటీ గ్రంథాలయంలో కూర్చుని ఉంది. పుస్తకాల బీరువాలు గోడకి నెట్టి, చదువుకునే బల్లలన్నీ కలిపి ఒక్కటి చేశారు. దాని వెనక కళ్ళద్దాల సారు. రిటైరయ్యాక మళ్ళీ పిలిచి కూర్చోబెట్టిన పెద్దమనిషి. రోజుకి ఎంతమందిని అడిగాడో, ప్రశ్న అడుగుతూ మధ్యలోనే అదేమిటో మర్చిపోతున్నాడు. కొక్కెం నిలబడి మొత్తం చెప్పేశాడు. ఇంజనీరు విన్నాడన్న ముక్క ఒక్కటే మింగేశాడు.

"అంటే ఖజానా సందు కొన్నాళ్ళు తెరిచి ఉంచావు."

"ఉంచలేదు సార్, ఉండిపోయింది."

"ఎవరు ఉంచమన్నారు?"

"ఎవరూ అనలేదు సార్."

"పక్క సందులో మీ అత్తగారు ఉంటుంది. ఆవిడకీ నీకూ గొడవలున్నాయా?"

"ఉన్నాయి సార్."

"ఏ విషయంలో?"

"ఆవిడ విషయంలో నాకు, నా విషయంలో ఆవిడకి."

సారు నవ్వలేదు. అతన్ని వెనకగదిలో కూర్చోబెట్టమన్నాడు. ఆ రాత్రీ, మర్నాడూ, ఆ తర్వాతా అక్కడే. అవే ప్రశ్నలు వేరే వేరే మొహాలు అడిగాయి. జవాబులు మాత్రం ఒకటే మొహంలోంచి రావాలి కదా, అందుకని అతనే ఎక్కువ అలిసిపోయాడు. చివరికి అత్తగారిని తీసుకురమ్మని జీపు పంపారు.

జీపు వెళ్ళి దిమ్మ ముందు ఆగింది. ఇన్‌స్పెక్టరూ, కానిస్టేబులూ దిగి, పొట్టలు లోపలికి పీల్చుకుని, పక్కగా దూరి, సందు చివరికి నడిచారు.

"మీరు మాతో రావాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాకేం. కాళ్ళు మాత్రం రామంటున్నాయి. అదిగో కుర్చీ."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సందంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టి, కుర్చీ ఒకవైపు పట్టుకున్నాడు. దిమ్మ దగ్గర ఛాతీ ఎత్తుకి లేపేసరికి చొక్కా గుండీ ఊడి ఎగిరి ఎదురింటి కిటికీ అద్దానికి టంగుమని తగిలింది.

"నిమ్మదిగా నాయనా. మా అల్లుడైతే గుడ్లబుట్టలా దించుతాడు" అంది ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పెయ్యాలి. క్రేను చక్రం పక్కన నిలబడి అంతా చూశానన్నాను కదూ? ఆ రోజుల్లో నాకు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషనై కట్లున్నాయి. క్రేను సంగతి అటుంచి, మా ఆవిణ్ణి కూడా చూళ్ళేదు. ఆ కాస్త సుఖం దక్కింది. ఇదంతా ఈలన్న నా మంచం పక్కన కూర్చుని, నాకోసం ఎవరో తెచ్చిన పళ్ళన్నీ తనే తింటూ చెప్పాడు. గ్రీజు మరకా? అది మా సైకిల్ చెయిన్‌ది. కానివ్వండి, కథ ఆగకూడదు.

గ్రంథాలయంలో కుర్చీ దించారు. కళ్ళద్దాల సారు ఆవిడ చేతికున్న కట్టునీ, పక్కన ఆయాసపడుతున్న ఇన్‌స్పెక్టరునీ మార్చి మార్చి చూశాడు.

"మీ అల్లుడు కావాలనే ఈ పని చేశాడా?"

"నన్ను చంపాలనుకుంటే అంత బరువెందుకు బాబూ? వారంరోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఉంటే చాలు. ఈ మధ్య తనే మోస్తున్నాడు."

"మరి ఎర్ర గుర్తు మీద వెయ్యాల్సింది పసుపు గుర్తు మీద ఎలా వేశాడు?"

ఆవిడ ఒళ్ళో ఉన్న టోపీని ఇన్‌స్పెక్టరుకి ఇచ్చేసింది.

"ఆ మేడ పడిన తర్వాత ఒకరోజు నన్ను భోజనానికి పిలిచారు. మా అమ్మాయి గిన్నె కింద పెట్టింది. చప్పుడైంది. ఈయన ముద్ద నోటి దగ్గర ఆపేసి, 'ష్' అన్నాడు. ఏమిటంటే, ఎవరో పిలుస్తున్నారు, వినండి అన్నాడు. ముగ్గురం అలాగే కూర్చున్నాం. అన్నం చల్లారిపోయింది. ఎవరూ పిలవడం లేదు బాబూ. అలాంటి మనిషిని మర్నాడే దిమ్మలు వెయ్యడానికి పంపించారు. పసుపేదో ఎరుపేదో అతనికెలా కనపడుతుంది? మీకు కనపడుతోందా?"

సారు కళ్ళద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. వెనకగదిలోంచి కొక్కెం ఇదంతా విన్నాడు. అత్తగారు తనని వెనకేసుకురావడం పుట్టాక మొదటిసారి. అందుకు సంతోషించే శక్తి కూడా లేక గోడకి తల ఆనించాడు.

అతన్ని పిలిపించి సారు మెల్లగా అన్నాడు. "చూడు. ఆ దిమ్మ తీసెయ్యమని నేను సంతకం పెడితే, ఎందుకు వేశారని పైన అడుగుతారు. అడిగితే నిన్ను వదల్లేను. నిన్ను వదలాలంటే ఆ దిమ్మ గురించి నేనేమీ విననట్టే. పటంలో అది లేదు. లేనిదాన్ని ఎవరైనా కాస్త పక్కకి జరిపారనుకో, నాకు సంబంధం లేదు. ఇంకొకటి, నువ్విక క్రేనెక్కవు. యార్డులో పని చూసుకో. అది మాత్రం నేను రాయక తప్పదు."

"మళ్ళీ ఎప్పుడు సార్?"

"విచారణ అయ్యాక."

"ఎప్పుడవుతుంది సార్?"

సారు బల్ల చివరిదాకా పేర్చిన కాగితాల దొంతర్లని చూశాడు. "నేను మళ్ళీ రిటైరయ్యాక" అన్నాడు.

బయట జీపు దగ్గర ఇన్‌స్పెక్టరు చొక్కా ముందుభాగం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "రేపు పొద్దున మా గస్తీవాళ్ళు ఆ వైపు ఉండరు. టీకి వెళ్తారు. కాస్త ఆలస్యంగానే వస్తారు" అని, మొహం అటు తిప్పుకున్నాడు.

మర్నాడు క్రేను వచ్చింది. కేబిన్‌లో కొత్త డ్రైవరు. కింద కొక్కెం. చెవులు లేని దిమ్మని ఎత్తడం కుదరదు. ఇనుపతాడు దాని నడుముకి చుట్టి ఈడవాలి. ఈలన్న ఈల వేస్తే కొత్త డ్రైవరు లాగాడు. కింద నిలబడ్డ కొక్కెం కుడిచెయ్యి గాల్లో దానంతటదే లివరు లాగింది. చూసుకుని, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు. దిమ్మ రోడ్డుని కరకరా నమిలి, ఇంత జరిగి, మొండికేసింది. ఇంకొంచెం లాగితే తాడు తెగుతుందన్నాడు కొత్త డ్రైవరు. అప్పటికి ఒకవైపు ఆటో పట్టేంత దారి వచ్చింది. పట్టీ పట్టనట్టు.

"తీసెయ్యలేదు కదా?" అన్నాడు కట్టరతను భయంగా.

"లేదు. సర్దాం" అన్నాడు ఈలన్న. మిగిలిన ఇనుప మొదళ్ళని కట్టరతను దిమ్మ మట్టానికి నున్నగా కోసేశాడు. ఎవరూ చెప్పకపోయినా చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి నించి ఆటో వచ్చింది. ఒకవైపు గోడ, ఒకవైపు దిమ్మ. ఆటో అతను అద్దం లోపలికి మడిచి, ఊపిరి బిగబట్టి దూర్చాడు. రేకు గీసుకున్న చప్పుడు. దూరింది. దారిపక్కన నిలబడ్డ కొక్కెం దగ్గర ఆటో కాస్త ఆగింది. అత్తగారు తల బయటపెట్టి, అతన్ని కిందనించి పైదాకా చూసి నవ్వింది.

"ఎప్పుడూ ఆ పెట్టెలో పైనే కూర్చుంటే తెలియలేదు. కింద నిలబడితే ఇంత పొట్టిగా ఉంటారా, అల్లుడుగారూ?"

కళ్ళకి కట్లున్నా గుండీ ఎగరడంతో సహా అంతా ఈలన్న నోటి నించి ఉన్నదున్నట్టు రాశాను. ఈ చివరి మాట మాత్రం నేను కల్పించింది. ఆవిడ తల బయటపెట్టలేదు, నవ్వలేదు. కూతురి భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. కొక్కెం ఆటో వెనకే సందు చివరిదాకా నడిచాడు. గుమ్మం ముందు ఆటో ఆగాక కూడా ఆవిణ్ణి ఎవరూ లేపలేదు. అతను ఆటో కమ్మీ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.